పిల్స్ మొదలుపెట్టాకే ఈ మంట మొదలైంది, ఆపేస్తే పోతుందా?

పేరు వేయొద్దంటూ హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వయసు 26. సొంతూరు అనకాపల్లి దగ్గర. భార్యాభర్తలిద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళయి తొమ్మిది నెలలైంది. ఫ్లాట్ కోసం తీసుకున్న అప్పు కొంత తీరేదాకా, ఎలా లేదన్నా ఇంకో ఏడాదిన్నర, పిల్లలు వద్దనుకున్నారు. ఆమెకు కాలేజీ రోజుల నుంచీ పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య ఉంది. నెలసరి క్రమంగా రావడానికీ, గర్భం రాకుండా ఉండటానికీ రెండింటికీ కలిసొస్తుందని గైనకాలజిస్ట్ గర్భనిరోధక మాత్రలు రాశారు. పెళ్ళి నెలలోనే మొదలుపెట్టారు.

రెండో నెలలో మూత్రంలో మంట మొదలైంది. పది నిమిషాలకోసారి వెళ్ళాలనిపించడం, తీరా వెళ్తే నాలుగు చుక్కలు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న టాబ్లెట్లతో రెండు రోజుల్లో తగ్గింది. తగ్గింది కదా అని మిగిలినవి డబ్బాలో పెట్టేశారు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే షాపు, అవే టాబ్లెట్లు. మూడోసారి దసరాకు ఊరెళ్తూ రాత్రి బస్సులో దారి పొడవునా మూత్రం ఆపుకున్న మర్నాడు వచ్చింది, కాస్త రక్తం కూడా కనపడింది. నాలుగోది ఈమధ్యే. ఈసారి మంట తీరు వేరుగా ఉందని రాశారు. మూత్రానికి వెళ్ళనప్పుడు కూడా ద్వారం దగ్గర మండుతోంది, పొడిగా ఉంటోంది, భర్తతో కలిసినప్పుడు నొప్పి. రాత్రి డబ్బాలోని పాత టాబ్లెట్లు రెండు వేసుకుని, పొద్దున్నే ల్యాబ్‌లో శాంపిల్ ఇచ్చారు. మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షలో ఏమీ పెరగలేదని రిపోర్టు. అది చూసిన డాక్టరు 'నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో' అని పంపేశారు.

ఇంతలో అత్తగారు అల్మరాలో స్ట్రిప్ చూశారు. 'పిల్లలు పుట్టకుండా మందులు మింగితే గర్భసంచి ఊరుకుంటుందా? అందుకే ఒళ్ళంతా వేడి చేసింది' అన్నారు. పిల్స్ వల్ల మూత్రాశయం జబ్బు వస్తుందని నెట్‌లో ఈమె కూడా ఎక్కడో చదివారు. భయపడి స్ట్రిప్ సగంలో ఆపేశారు. మూడో రోజు బ్లీడింగ్ అయ్యింది. ఆ తర్వాత ఒకసారి కండోమ్ లేకుండా కలిశారు, దానికి పది రోజులు దాటింది. భర్త మంచివారే, కానీ ఈ విషయం ఎత్తితే 'నీ ఒళ్ళు, నీ ఇష్టం' అని తప్పుకుంటారు. కండోమ్ మాటెత్తితే మొహం మాడ్చుకుంటారు.

ఆమె అడుగుతున్నవి ఇవి: పిల్స్ నా మూత్రాశయాన్ని పాడుచేశాయా? ఆపేస్తే తగ్గుతుందా? ఇన్నిసార్లు వస్తే కిడ్నీలు ఏమవుతాయి? రేపు పిల్లలు పుడతారా?

సమాధానం:

మీరు అడగని విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి గడువు ఉంది. మాత్రలు ఆపాక కండోమ్ లేకుండా కలిశారు. మూడో రోజు అయిన బ్లీడింగ్ చూసి గర్భం లేదని ధైర్యపడొద్దు. అది మాత్రల్లోని హార్మోన్ ఒక్కసారిగా ఆగినందుకు వచ్చింది, మీరు కలిసింది దాని తర్వాత. ఎమర్జెన్సీ మాత్రకు 72 గంటల గడువు ఎప్పుడో దాటింది. కాబట్టి ఆ రోజు నుంచి మూడు వారాలు నిండాక మూత్రంతో చేసే ప్రెగ్నెన్సీ టెస్టు చేసుకోండి. అంతకంటే ముందు చేసి లేదని వస్తే దాన్ని నమ్మలేం. ఈలోగా మిగిలిన సగం స్ట్రిప్ మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టొద్దు. కలిస్తే కండోమ్ తప్పనిసరి. డాక్టరు దగ్గరికి వెళ్తే గర్భం ఉండే అవకాశం ఉందని ముందే చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్స్ గర్భిణులకు ఇవ్వరు.

ఇంకొక మాట కూడా ఇప్పుడే. చలిజ్వరం, నడుముకు పక్కన డొక్కలో నొప్పి, వాంతులు, వీటిలో ఏది వచ్చినా ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు. అప్పుడు ఈ జవాబులు చదువుతూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక అసలు సంగతికొద్దాం. 'పిల్స్ మొదలుపెట్టాకే మంట మొదలైంది' అని ఉత్తరంలో మూడు చోట్ల రాశారు. అబద్ధమేం కాదు. కానీ అదే నెలలో మీ జీవితంలో ఇంకొకటి కూడా మొదలైంది, కాపురం. మీరు తేదీలన్నీ మాత్రల నుంచి లెక్కపెట్టారు. పెళ్ళి నుంచి లెక్కపెట్టి చూడండి, అవే తేదీలు వస్తాయి.

ఆడవాళ్ళలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. దాని ద్వారం యోనికి, మలద్వారానికి దగ్గర. పేగుల్లో సహజంగా ఉండే ఈ.కోలి అనే బ్యాక్టీరియా అక్కడి చర్మం మీదికి చేరుతుంది. కలయిక సమయంలో ఆ ఒత్తిడికి మూత్రనాళంలోకి, అక్కడి నుంచి మూత్రాశయంలోకి ఎక్కుతుంది. యువతుల్లో వచ్చే మూత్రాశయ ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఈ దారినే వస్తాయి. కొత్తగా పెళ్ళయినవాళ్ళలో ఇది ఎంత మామూలంటే, డాక్టర్లు దీన్ని హనీమూన్ సిస్టైటిస్ (సిస్టైటిస్ అంటే మూత్రాశయం వాపు) అని పిలుస్తుంటారు. ఇందులో మీ శుభ్రత లోపం కానీ, మీ భర్త తప్పు కానీ ఏమీ లేదు. ఉత్తరంలో 'నేనేమైనా అశుభ్రంగా ఉన్నానా' అని ఒక చోట అడిగారు. లేదు.

దీని మీద బాగా తెలిసిన అధ్యయనం ఒకటి 1996లో అమెరికాలో వచ్చింది. శృంగార జీవితం ఉన్న యువతులను నెలల తరబడి గమనించి, ఇన్‌ఫెక్షన్‌తో గట్టిగా ముడిపడినవి మూడు అని తేల్చారు. ఈమధ్య కలయిక జరగడం, వీర్యకణాలను చంపే రసాయనంతో కలిపి డయాఫ్రమ్ అనే రబ్బరు మూత వాడటం, ఇంతకుముందు కూడా పదే పదే ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉండటం. గర్భనిరోధక మాత్ర ఆ మూడింట్లో లేదు. ఆ రసాయనం యోనిలో మనకు కాపలాగా ఉండే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది. ఖాళీ అయిన చోటికి ఈ.కోలి వచ్చి చేరుతుంది. డయాఫ్రమ్ మన దగ్గర వాడేవాళ్ళు దాదాపు లేరు. కానీ కొన్ని రకాల కండోమ్‌ల మీద ఇదే రసాయనం పూత ఉంటుంది. రేపు మీరు కండోమ్ వైపు మళ్ళితే ప్యాకెట్ మీద 'స్పెర్మిసైడ్', 'నోనాక్సినాల్-9' అని ఉన్నవి తీసుకోవద్దు. గర్భనిరోధక సాధనాల్లో మూత్రాశయానికి ఇబ్బంది తెచ్చేదిగా స్పష్టంగా తేలింది ఇదే.

అందుకని మీ మొదటి మూడు సార్ల మంటకు పిల్స్‌ను దోషిగా నిలబెట్టడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. హఠాత్తుగా మంట, చుక్కచుక్కగా రావడం, టాబ్లెట్లు పడగానే తగ్గడం, ఇవన్నీ ఇన్‌ఫెక్షన్ లక్షణాలే. పరీక్ష ఒక్కసారి కూడా చేయించలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను కానీ, చాలావరకు అదే అయ్యుంటుంది.

నాలుగోసారి సంగతి వేరు. నెట్‌లో మీరు చదివినదాంట్లో కొంత నిజం ఉన్నది కూడా ఇక్కడే. యోని ముఖద్వారం, మూత్రనాళం, మూత్రాశయం అడుగు భాగం, ఈ మూడూ పిండదశలో పక్కపక్కనే తయారవుతాయి. పెద్దయ్యాక కూడా వీటిలోని కణజాలం హార్మోన్లకు స్పందిస్తుంది. గర్భనిరోధక మాత్ర వాడుతున్నప్పుడు కాలేయం ఒక ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. అది రక్తంలోని టెస్టోస్టెరాన్‌ను పట్టుకుని ఉంచుతుంది. ఆడవాళ్ళలోనూ కొద్దిగా ఉండే ఆ హార్మోన్ ఇలా ఇంకా తగ్గుతుంది. పీసీఓడీ ఉన్నవాళ్ళకు మొటిమలు, అవాంఛిత రోమాలు తగ్గేది ఇందువల్లే, అది లాభం. కానీ కొద్దిమందిలో ఇదే కారణంగా ముఖద్వారం దగ్గరి పొర పలచబడి, పొడిబారి, తాకితే మండుతుంది. మూత్రం తగిలినా మంటే, కలిసినా మంటే. చూసేవాళ్ళకు ఇది ఇన్‌ఫెక్షన్‌లాగే కనిపిస్తుంది, కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగదు. ఇంకో అడుగు ముందుకేసి, ఇన్‌ఫెక్షన్ లేకుండానే మూత్రాశయం నిండేకొద్దీ నొప్పి పెట్టే దీర్ఘకాలిక జబ్బుకు, పిల్స్‌కు సంబంధం ఉందన్న అధ్యయనాలు కొన్ని వచ్చాయి. అన్నీ ఒక్క మాట మీద లేవు. పైగా ఇలాంటి చోట్ల ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం కష్టం. కిందిభాగంలో నొప్పి ఉన్నవాళ్ళకు దాన్ని తగ్గించడానికని పిల్స్ రాయడం కూడా మామూలే. నెట్‌లో ఆ సగం ఎవరూ రాయరు.

మీ నాలుగోసారి లక్షణాలు, అంటే ద్వారం దగ్గర మంట, పొడి, కలయికలో నొప్పి, ఈ రెండో కథకు దగ్గరగా ఉన్నాయి. అయితే కల్చర్ రిపోర్టును మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేను. శాంపిల్‌కు ముందు రాత్రి రెండు యాంటీబయాటిక్ టాబ్లెట్లు వేసుకున్నారు. అవి కడుపులో ఉండగా ఇచ్చిన మూత్రంలో బ్యాక్టీరియా ఉన్నా పెరగకపోవచ్చు. అంటే మీకు ఇన్‌ఫెక్షన్ లేదనీ తేలలేదు, ఉందనీ తేలలేదు. 'నీకేం లేదు' అన్న డాక్టరు చేతిలో ఉన్నది ఆ కాగితమే కదా. టాబ్లెట్లు వేసుకున్న సంగతి ఆయనకు చెప్పారా?

మూడో అవకాశం కూడా చూడాలి. మళ్ళీ మళ్ళీ యాంటీబయాటిక్ వాడితే యోనిలో ఫంగస్ పెరుగుతుంది. దురద, పెరుగు విరిగినట్టు తెల్లని స్రావం, పైచర్మం మంట దాని గుర్తులు. వీటికి తోడు, పదే పదే నొప్పి పడ్డ ఆడవాళ్ళు తెలియకుండానే కటి కండరాలను బిగబట్టడం అలవాటు చేసుకుంటారు. ఆ బిగువే నొప్పిని కొనసాగిస్తుంది. దానికి ఫిజియోథెరపిస్ట్ నేర్పే వ్యాయామాలు పనిచేస్తాయి, యాంటీబయాటిక్ పనిచేయదు.

ఇవన్నీ విడదీయడానికి స్కాన్ల మీద స్కాన్లు అక్కర్లేదు. గైనకాలజిస్ట్ ఒక్కసారి పరీక్ష చేసి చూడాలి. ముఖద్వారం చుట్టూ దూదిపుల్లతో తాకి ఎక్కడ మండుతుందో చూస్తారు, స్రావం ఉంటే నమూనా తీస్తారు. క్లమిడియా లాంటి లైంగిక ఇన్‌ఫెక్షన్లకూ పరీక్ష రాస్తే నొచ్చుకోవద్దు, మీ భర్తను అనుమానించినట్టు కాదు. మూత్రంలో చీము కణాలు ఉండి కల్చర్‌లో ఏమీ పెరగనప్పుడు అవీ చూడాలి, రాళ్ళూ చూడాలి, మన దేశంలో టీబీని కూడా మరిచిపోకూడదు. ఆర్నెల్లలో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు నిజంగా ఇన్‌ఫెక్షన్ వస్తే దాన్ని పదే పదే వచ్చేదిగా లెక్కిస్తారు. మీరు ఆ గీత దగ్గరే ఉన్నారు. పైగా ఒకసారి రక్తం కనపడింది కాబట్టి ఒక అల్ట్రాసౌండ్, ఒక షుగర్ పరీక్ష చేయించడం న్యాయమే.

ఈసారి మంట వస్తే మెడికల్ షాపుకు ముందు ల్యాబ్‌కు వెళ్ళండి. మొదటి ధార వదిలేసి మధ్యలో వచ్చే మూత్రాన్ని శుభ్రమైన డబ్బాలో పట్టి, రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టండి. శాంపిల్ ఇచ్చాక ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టొచ్చు, డాక్టరు రాస్తే. రిపోర్టులో ఏ బ్యాక్టీరియా, ఏ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అని ఉంటుంది. మన దగ్గర షాపుల్లో అడగ్గానే చేతిలో పెట్టే కొన్ని మందులకు ఈ.కోలి ఎప్పుడో అలవాటు పడిపోయింది. రెండు రోజులు వేసుకుని ఆపేసి, మిగిలినవి తర్వాతిసారికి దాచుకోవడం ఆ అలవాటును ఇంకా ముదరబెడుతుంది. ఆ డబ్బా ఇవాళే ఖాళీ చేయండి.

మందుల గురించి చిన్న విషయాలు రెండు. ఈ ఇన్‌ఫెక్షన్‌కు తరచుగా రాసే నైట్రోఫ్యూరంటాయిన్‌తో పాటు, మంట తగ్గడానికని తియ్యటి సిట్రేట్ సిరప్ తాగడం మన దగ్గర మామూలు. ఆ సిరప్ మూత్రంలో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఈ టాబ్లెట్ ఆమ్లం ఉన్న మూత్రంలోనే బాగా పనిచేస్తుంది. కాబట్టి రెండూ కలిపి వాడొద్దు. రెండోది, యాంటీబయాటిక్ వాడితే పిల్స్ పనిచేయవన్న భయం. మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్ మందులతో అలా జరగదు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే కొన్ని మందులు మాత్రం నిజంగానే పిల్స్ శక్తిని తగ్గిస్తాయి. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి.

ఇప్పుడు పిల్స్ ఆపాలా వద్దా. దీన్ని మంట ప్రశ్నతో ముడిపెట్టకుండా విడిగా చూడమని నా సలహా. మంటకు ఏం చేయాలన్నది పరీక్ష చెబుతుంది. గర్భనిరోధానికి ఏం వాడాలన్నది మీరిద్దరూ తేల్చుకోవాలి.

పరీక్షలో ఇన్‌ఫెక్షనే అని తేలితే, మూడు వారాల తర్వాతి టెస్టులో గర్భం లేదని వస్తే, అవే పిల్స్ మళ్ళీ మొదలుపెట్టడానికి అడ్డేం లేదు. మీకు వీటితో రెండు పనులున్నాయని మరవొద్దు. పీసీఓడీలో నెలల తరబడి నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందంగా పేరుకుపోతుంది, అది మంచిది కాదు. పిల్స్ ఆపి ఊరుకుంటే ఆ సమస్య మళ్ళీ మొదటికొస్తుంది. ఆపాలనే నిర్ణయిస్తే మూడు నెలలకు మించి నెలసరి ఆగకుండా డాక్టరు పర్యవేక్షణలో ఉండాలి.

మంట హార్మోన్ వల్లే అని డాక్టరు అభిప్రాయపడితే మాత్రం వేరే దారి చూడాల్సిందే. మీరు ఏ పిల్ వాడుతున్నారో రాయలేదు. స్ట్రిప్ వెనక చూడండి. డ్రోస్పైరినోన్ అని ఉంటే, దానికి కొద్దిగా మూత్రం ఎక్కువగా పోయించే గుణం ఉంది. తరచుగా వెళ్ళాల్సి రావడానికి అది కొంత కారణం కావచ్చు, మంటకు కాదు. వేరే పిల్‌కు మారడం ఒక మార్గం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఉండేది లెవోనార్జెస్ట్రెల్. కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం చూస్తే ఈ పాత రకమే మెరుగు. పిల్స్ వాడని 10,000 మందిలో ఏడాదికి ఇద్దరికి అలా జరిగితే, లెవోనార్జెస్ట్రెల్ వాడేవాళ్ళలో 5 నుంచి 7 మందికి, డ్రోస్పైరినోన్ వాడేవాళ్ళలో 9 నుంచి 12 మందికి జరుగుతుందని యూరప్ ఔషధ సంస్థ అంచనా. చిన్న సంఖ్యలే, కానీ తెలిసుండాలి. అయితే పిల్ మార్చినంత మాత్రాన ద్వారం దగ్గరి మంట పోతుందన్న హామీ లేదు. పూర్తిగా ఆపితే తగ్గేవాళ్ళకు కూడా కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వారం చూసి 'ఆపినా తగ్గలేదు' అనుకోవద్దు.

హార్మోన్ అసలే వద్దనుకుంటే కాపర్-టి ఉంది. పిల్లలు పుట్టనివాళ్ళకు వేయకూడదన్నది పాతకాలపు మాట, వేయొచ్చు. మూత్రాశయంతో దానికి పని లేదు. కాకపోతే నెలసరి రక్తస్రావం, నొప్పి పెరగొచ్చు, పీసీఓడీకి ఏ సాయమూ చేయదు. కాపర్-టి లాగే గర్భసంచిలో అమర్చే హార్మోన్ కాయిల్ అయితే చాలా తక్కువ మందును గర్భసంచిలోనే వదులుతుంది, లోపలి పొరను పలచగా ఉంచుతుంది. మీ పరిస్థితికి ఇది డాక్టరుతో తప్పక మాట్లాడాల్సినది. ఖర్చు ఎక్కువ, మొదటి నెలల్లో చుక్కచుక్కగా మరకలు విసిగిస్తాయి.

గర్భం రాకుండా వేసే 'అంతర' ఇంజెక్షన్ గురించి ఎవరైనా చెబితే కాస్త ఆలోచించండి. మూడు నెలలకోసారి వేయించుకుంటే చాలు, అది సుఖమే. కానీ అది ఈస్ట్రోజెన్‌ను తగ్గిస్తుంది, పొడిబారే గుణం ఉన్నవాళ్ళకు ఇంకా ఇబ్బంది కావచ్చు. వేసిన మందు వెనక్కి తీయలేం. ఆపాక గర్భధారణ శక్తి తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఏడాదిన్నరలో పిల్లలు కావాలనుకునేవాళ్ళకు అది లెక్కలోకి వస్తుంది. ఛాయ మాత్ర లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసినది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. స్టెరాయిడ్ హార్మోన్ కాదని చాలామంది అడుగుతుంటారు. పీసీఓడీ ఉన్నవాళ్ళకు మాత్రం ఇవ్వరు, కాబట్టి అది మీకు కాదు.

ఇక కండోమ్. పైన చెప్పిన రసాయనం లేనిది, నీటి ఆధారిత జెల్‌తో. కొబ్బరినూనె రాయొద్దు, నూనె తగిలితే రబ్బరు బలహీనపడి చిరుగుతుంది. ప్రతిసారీ, సరిగ్గా వాడితేనే నమ్మొచ్చు. మీవారు మొహం మాడ్చుకోవడం గురించి ఒక మాట చెప్పాలి. తొమ్మిది నెలలుగా మాత్ర మింగింది మీరు, మంట పడింది మీరు, షాపుకు వెళ్ళి సిగ్గుపడుతూ అడిగిందీ మీరే. 'నీ ఒళ్ళు, నీ ఇష్టం' అనడంలో గౌరవం ఉందని ఆయన నిజంగానే అనుకుంటూ ఉండొచ్చు. కానీ పిల్లలు ఇప్పుడే వద్దన్నది ఇద్దరి నిర్ణయం, దాని బరువు ఒకరి మీదే పడకూడదు. ఈ మాట గొడవగా కాకుండా పనిగా చెప్పండి: 'శనివారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, మీరూ రావాలి. పరీక్షలు పూర్తయ్యేదాకా కండోమే.' నొప్పిగా ఉన్న రోజు కలయిక వద్దని చెప్పే హక్కు మీకుంది, దానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు.

అత్తగారి మాటల్లో కోపం కంటే భయమే ఎక్కువగా వినిపించింది నాకు. మనవలు రారేమోనన్న భయం. ఆవిడకు ఇన్‌ఫెక్షన్లు, హార్మోన్ల గురించి పాఠం చెప్పాల్సిన పని లేదు. చెప్పదలిస్తే ఒకటి చెప్పొచ్చు: పిల్స్ గర్భసంచిని పాడుచేయవు, ఆపాక గర్భం రావడాన్ని శాశ్వతంగా అడ్డుకోవు. మీ విషయంలో ఆలస్యం ఏదైనా జరిగితే అది పీసీఓడీ వల్ల కావొచ్చు, దానికి వైద్యం ఉంది. మూత్రాశయ ఇన్‌ఫెక్షన్లకూ పిల్లలు పుట్టకపోవడానికీ సంబంధం లేదు. ఆరోగ్యంగా ఉన్న యువతికి మూత్రాశయం వరకే పరిమితమైన ఇన్‌ఫెక్షన్లు నాలుగైదుసార్లు వచ్చినంత మాత్రాన కిడ్నీలు దెబ్బతినవు. గర్భంతో ఉన్నప్పుడు మాత్రం ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి పాకే ప్రమాదం పెరుగుతుంది. అందుకే గర్భం దాల్చకముందే ఈ సంగతి తేల్చుకోవడం మేలు. ఈ మాటైతే ఆవిడకూ నచ్చుతుంది. చెప్పడం ఇష్టం లేకపోతే స్ట్రిప్ అల్మరాలో కాకుండా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి. ఏ మందు వేసుకుంటున్నారో అందరికీ లెక్క చెప్పనక్కర్లేదు.

మళ్ళీ రాకుండా ఏం చేయాలంటే, మొట్టమొదట నీళ్ళు. 2018లో వెలువడిన ఒక పరీక్షలో, పదే పదే ఇన్‌ఫెక్షన్ వస్తూ రోజుకు లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగే 140 మంది మహిళల్లో సగం మంది చేత రోజూ ఇంకో లీటరున్నర నీళ్ళు తాగించారు. ఏడాదిలో వాళ్ళకు సగటున 1.7 సార్లు ఇన్‌ఫెక్షన్ వస్తే, మామూలుగా తాగినవాళ్ళకు 3.2 సార్లు వచ్చింది. మందేమీ లేదు, నీళ్ళే. ఏసీ ఆఫీసులో దాహం తెలియదు, సీసా నింపి డెస్క్ మీద పెట్టుకోండి. బార్లీ నీళ్ళు, మజ్జిగ, సబ్జా మంచివే, నీళ్ళ లెక్కలోకే వస్తాయి. అవి ఇన్‌ఫెక్షన్‌ను చంపుతాయనుకుని మాత్రం వాటితోనే ఆగిపోవద్దు.

ఆపుకోవడం మానాలి. రాత్రి బస్సుల్లో ఆడవాళ్ళ అవస్థ తెలియనిది కాదు. బస్సు ఆపిన ధాబాలో తలుపు గడియ పడదు, నీళ్ళు రావు, అందుకని సాయంత్రం నుంచే నీళ్ళు మానేసి ఎక్కుతాం. వీలైతే రైలు చూసుకోండి, బాత్రూం ఎలా ఉన్నా లోపలే ఉంటుంది కదా. కలయిక తర్వాత మూత్రానికి వెళ్ళిరావడం వల్ల ఎంత లాభమో గట్టి రుజువు లేదు, నష్టమైతే లేదు, వెళ్ళిరండి. టీవీలో వచ్చే సువాసన వాష్‌లు మానేయండి. పైభాగానికి మంచినీళ్ళు చాలు, లోపల కడగకూడదు. అన్నీ చేసినా, ప్రతిసారీ కలయిక తర్వాతే వస్తోందని కల్చర్‌లతో రుజువైతే, కలిసిన రోజు మాత్రమే వేసుకునే ఒక్క డోసు యాంటీబయాటిక్‌ను కొన్ని నెలలు రాస్తారు. బాగా పనిచేస్తుంది. అది డాక్టరు ఇవ్వాలి, మీ డబ్బాలోది కాదు.

శనివారం వెళ్ళేటప్పుడు పిల్స్ స్ట్రిప్, ఇప్పటిదాకా వాడిన టాబ్లెట్ల పేర్లు, మంట వచ్చిన నాలుగుసార్ల తేదీలు, వాటి పక్కనే నెలసరి తేదీలు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. మైగ్రేన్ ఉండి, నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపుల్లా కనపడే అలవాటు ఉంటే అది కూడా రాయండి. అలా ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజెన్ ఉన్న పిల్స్ ఇవ్వకూడదు. బీపీ చూడకుండా పిల్స్ రాస్తే చూడమని అడగండి. ఆ డాక్టరు కూడా పరీక్ష చేయకుండా 'టెన్షన్' అంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. గైనకాలజిస్ట్ తేల్చలేకపోతే యూరాలజిస్ట్ ఉన్నారు. వాళ్ళు మగవాళ్ళ డాక్టర్లని మనలో చాలామంది అనుకుంటారు కానీ, ఆడవాళ్ళ మూత్రాశయం కూడా వాళ్ళ పనే.